కచేరీ గోడపత్రికలూ ట్రెడిల్ యంత్రమూ

తెలుగు ముద్రణశాలల్లో 'ట్రెడిల్' అన్న మాట కాలితో తొక్కే మీటకే పరిమితం కాక, ఆ మీటతో నడిచే యంత్రమంతటికీ పేరుగా స్థిరపడింది. ఆఫ్‌సెట్ వ్యాపించకముందు విశాఖపట్నం వంటి కోస్తా పట్టణాలలో కచేరీకో, హరికథకో, రాత్రి నాటకానికో జనాన్ని పిలిచే కరపత్రాలకూ చిన్న గోడపత్రికలకూ ఇదే ముఖ్యాధారం.

విశాఖకు తెలుగు అచ్చుతో సంబంధం పాతదే. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో ఇక్కడికి వచ్చి బైబిలు అనువాదానికి పూనుకున్నారు గాని, వారు అనువదించిన సువార్తలు 1812లో అచ్చయింది బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో. పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి విశాఖలోనే ఆర్ష ముద్రణాలయం తెలుగు, సంస్కృత గ్రంథాలను వెలువరిస్తూ ఉంది.

ట్రెడిల్ రూపాన్ని 1850ల దశకంలో అమెరికాలో జార్జ్ ఫినియాస్ గోర్డన్ తీర్చిదిద్దాడు. అందులో అక్షరాలు బిగించిన ఇనుపచట్రం నిలువుగా నిలబడి ఉండగా, కాగితం మోసే పలక ఆల్చిప్ప మూసుకున్నట్టు వచ్చి దానికి ఒత్తుకుంటుంది. పలక తెరుచుకున్న క్షణంలో సిరా రోలర్లు పైనున్న గుండ్రటి పళ్లెం మీద దొర్లి, అక్షరాలను తడిపి వెనక్కి వెళతాయి. పళ్లెం ప్రతిసారీ కొంచెం తిరగడం వల్ల సిరా ఒకేచోట పేరుకోదు. పక్కనున్న బరువైన చక్రం కాలి బలాన్ని వేగం రూపంలో దాచుకొని, అచ్చు పడే క్షణంలో అందిస్తుంది.

చిక్కంతా పెద్ద అక్షరాలతోనే. బలాన్ని విస్తీర్ణంతో భాగిస్తే వచ్చేది ఒత్తిడి కనుక, అక్షరం పొడవు వెడల్పులు రెట్టింపయితే అంతే నల్లగా పడడానికి నాలుగింతల బలం కావాలి. పైగా సీసం పోతపోసిన పెద్ద అక్షరం మోయలేనంత బరువు. చల్లారేటప్పుడు దాని ముఖం కుంగుతుంది కూడా. అందుకే 1827లో న్యూయార్క్‌లో డారియస్ వెల్స్ యంత్రంతో కొయ్య అక్షరాలు చెక్కడం మొదలుపెట్టాడు. కొయ్య తేమకు ఉబ్బుతుంది కదా అన్న సందేహం సముద్రపు గాలి వీచే విశాఖలో మరీ సహజం. అయితే కొయ్య ఉబ్బేది ఎక్కువగా పీచుకు అడ్డంగానే, పీచు వెంబడి దాదాపు లేదు. పీచు కొస పైకి వచ్చేటట్టు అడ్డంగా కోసిన దిమ్మెమీద అక్షరం చెక్కితే, అచ్చుకు ప్రాణమైన ఎత్తు మారదు.

ఇంగ్లీషుకు ఇరవయ్యారు అక్షరాల పెద్దా చిన్నా రూపాలతో సరిపోయే పెట్టె, గుణింతాలూ వత్తులూ ఉన్న తెలుగుకు చాలదు. అక్షరాలు కూర్చే కంపోజిటర్ ముందు వందల అచ్చులుండేవి. పెద్ద సైజుల్లో మాత్రం అవసరమైన వత్తు దొరకడం అదృష్టం. గాయకుడి పేరు బారెడు అక్షరాల్లోనూ, మృదంగ విద్వాంసుడి పేరు సన్నగానూ పడడానికి కీర్తి ఒక్కటే కారణం కాదు: పెట్టెలో ఏ సైజు పూర్తిగా ఉందన్నది కూడా కారణమే. కళాకారుల అలకల్లో కొన్ని నిజానికి వత్తుల కొరతకు చెందవలసినవి.

డీటీపీ, ఆఫ్‌సెట్, ఆపై ఫ్లెక్సీ వచ్చాక సీసపు అక్షరాలు చాలాచోట్ల తూకానికి పోయాయి. ట్రెడిల్‌కు మాత్రం ఇంకా పని ఉంది: రసీదు పుస్తకాలకు నంబర్లు వేయడం, చింపడానికి వీలుగా రంధ్రాల వరస కొట్టడం, పెళ్లి కార్డుకు మడత గీత పెట్టడం.