పిండిమంచు మీద జారుదామా... ఎక్కడ?

లంబసింగిలో గడ్డిపరకల మీద తెల్లగా పేరుకున్న మంచును చూడ్డానికి అర్ధరాత్రే లేచి, స్వెటర్లు తగిలించుకుని కారెక్కుతాం. అలాంటిది మోకాలి లోతు మంచులో కాళ్లకు స్కీలు కట్టుకుని కొండమీంచి సర్రున జారితే? ఆ సరదా మాటల్లో చెప్పలేం! అందుకే ఈ చలికాలం సెలవులకు చాలా ఇళ్లలో స్కీయింగ్‌ మాట వినిపిస్తోంది. ఆ వెంటనే వచ్చే ప్రశ్న... గుల్‌మార్గా, ఔలీయా, జపానా? ఫొటోల్లో అన్నీ తెల్లగానే ఉంటాయి. దిగాకే తేడా తెలుస్తుంది.

ముద్ద కట్టదు!

అరిసెల కోసం దంచిన తడిపిండిని గుప్పిట్లో పట్టి నొక్కండి... ముద్ద కడుతుంది. అదే ముగ్గుపిండి అయితే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. మంచు కూడా అంతే. గాల్లో తేమ, వెచ్చదనం ఉన్నచోట పడే మంచు బరువుగా, తడిగా ఉంటుంది. బాగా చల్లని పొడి వాతావరణంలో పడేది పిండిలా తేలిగ్గా ఉంటుంది. దాన్నే స్కీయర్లు ‘పౌడర్‌’ అని మురిసిపోతారు. అప్పుడే పడిన పౌడర్‌లో పదింట తొమ్మిది వంతులు గాలే! దానిమీద జారుతుంటే నేలమీద ఉన్నట్టు ఉండదు, తేలుతున్నట్టు ఉంటుంది.

అయితే ఇక్కడో తిరకాసు ఉంది. ఇంత మెత్తటి మంచు కొత్తవాళ్లకు పనికిరాదు. స్కీలు లోపలికి దిగబడిపోతాయి. మలుపు తిప్పడం కష్టం. పడితే దెబ్బ తగలదు కానీ లేవడానికి ఆయాసం వస్తుంది. ఊడిన స్కీ మంచులో ఎక్కడుందో వెతుక్కోవాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకు కావాల్సింది యంత్రాలతో చదునుచేసిన వాలు. కాబట్టి ‘ఎక్కడ మంచు బాగుంటుంది’ అని కాదు, ‘మనలో ఎవరికి ఎంత వచ్చు’ అని ముందు అడగాలి.

గుల్‌మార్గ్‌: గొండోలా ఎక్కితే...

మనదేశంలో పౌడర్‌ అంటే ముందు చెప్పాల్సింది గుల్‌మార్గ్‌ గురించే. శ్రీనగర్‌ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. ఊరు 2,650 మీటర్ల ఎత్తున ఉంటుంది. 1998లో మొదలైన గొండోలా తొలి దశ కొంగ్‌డూరీ వరకూ, 2005లో వచ్చిన రెండో దశ అఫర్వత్‌ కొండమీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకూ తీసుకెళుతుంది. అక్కణ్నుంచి ఊళ్లోకి 1,300 మీటర్ల దిగుడు! ఇంత ఎత్తుకు తీసుకెళ్లే లిఫ్టులు ప్రపంచంలోనే అరుదు. అందుకే విదేశీ స్కీయర్లు వెతుక్కుంటూ వస్తారు. కానీ పైన చదునుచేసిన బాటలు ఉండవు. అది చేయి తిరిగినవాళ్లకే.

మరి పిల్లలకు? ఊరి పక్కనే చిన్నచిన్న వాలులు ఉన్నాయి. కేంద్ర పర్యాటకశాఖకు చెందిన భారత స్కీయింగ్‌, పర్వతారోహణ సంస్థ ఇక్కడే ఉంది. కోర్సులూ నడుపుతుంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి తర్వాత కశ్మీర్‌ అంటే జంకుతున్న కుటుంబాలూ ఉన్నాయి. బయల్దేరేముందు ప్రభుత్వ సూచనలు చూసుకోవడం మంచిది.

ఔలీ: నేర్చుకునేవాళ్లకు

ఉత్తరాఖండ్‌లోని ఔలీ పౌడర్‌కు కాదు, పాఠాలకు పేరు. నందాదేవి శిఖరం ఎదురుగా కనిపిస్తుంటే నునుపైన వాలు మీద అడుగులు నేర్చుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ గఢ్వాల్‌ మండల్‌ వికాస్‌ నిగమ్‌ ఏడు రోజులు, పద్నాలుగు రోజుల కోర్సులు నిర్వహిస్తుంటుంది. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలూ ఇక్కడ జరిగాయి. జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలువారడంతో 2023 జనవరిలో అక్కణ్నుంచి వచ్చే రోప్‌వేను ఆపేశారు. రోడ్డు మార్గాన్ని నమ్ముకునే ప్రయాణం వేసుకోండి. రిషికేశ్‌ నుంచి కొండదారిలో 250 కిలోమీటర్ల పైనే. వాంతులయ్యే పిల్లలుంటే మధ్యలో ఓ రాత్రి ఆగడం మేలు.

నిసెకో: ఖర్చు ఎక్కువ, నిశ్చింతా ఎక్కువే

సైబీరియా చలిగాలి జపాన్‌ సముద్రం మీదుగా వస్తూ తేమను తాగి, హొక్కైడో కొండల్ని తాకి మంచుగా కుమ్మరిస్తుంది. అందుకే నిసెకోలో ఏటా పడే మంచు మీటర్లలో రెండంకెలు దాటుతుంది. కొండ ఎత్తు 1,308 మీటర్లే కాబట్టి ఊపిరి అందకపోవడం ఉండదు. చదును వాలులూ, పౌడరూ పక్కపక్కనే ఉంటాయి. నాన్న పిండిమంచులో తేలుతుంటే పాప పక్కన పాఠం నేర్చుకోవచ్చు. విమానం, వీసా, లిఫ్టు టికెట్లు కలుపుకుంటే మాత్రం బడ్జెట్‌ మనదేశంలోకన్నా చాలా పెరుగుతుంది.

కొండకు కోపమొస్తే

పౌడర్‌ పడ్డ మర్నాడే హిమపాతం భయమూ ఎక్కువ. కొత్త మంచు పాత పొరకు అతుక్కోకముందే మనిషి బరువు పడితే మొత్తం పలకలా విరిగి జారుతుంది. గుల్‌మార్గ్‌లో 2010 ఫిబ్రవరిలో శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు ఇలాగే చనిపోయారు. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్‌ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఓ రష్యన్‌ ప్రాణాలు కోల్పోయారు. మంచులో కూరుకుపోయినవారికి మొదటి పది, పదిహేను నిమిషాలే కీలకం. బయటివాళ్లు వచ్చేదాకా ఆగే సమయం ఉండదు, పక్కనున్నవాళ్లే తీయాలి. అందుకే హద్దులు దాటేవాళ్లు స్థానిక గైడ్‌నీ, సిగ్నల్‌ పంపే ట్రాన్సీవర్‌, పొడవాటి ప్రోబ్‌ కర్ర, పారనీ తప్పనిసరిగా తీసుకెళ్తారు. వాడకం తెలియకుండా కొనుక్కుని ప్రయోజనం లేదు. నిసెకోలో హద్దుల దగ్గర గేట్లు ఉంటాయి. అవి మూసి ఉంటే ఎవరూ దాటకూడదు. తాడు కిందనుంచి దూరితే లిఫ్టు పాస్‌ లాగేసుకుంటారు.

మంచు పడకపోతే?

ఇదో కొత్త బెంగ. 2024 జనవరిలో గుల్‌మార్గ్‌ మంచు లేక బోసిపోయింది. 2025లో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదాపడ్డాయి. కాబట్టి జనవరి సగం దాటాక, ఫిబ్రవరిలో వెళ్లేలా చూసుకోండి. డబ్బు వెనక్కివచ్చే బుకింగే చేయండి. ఒకట్రెండు రోజులు అదనంగా పెట్టుకోండి.

మరి మీరెటు?

ఇంట్లో ఎవరికీ రాదా... ఔలీ, లేదా గుల్‌మార్గ్‌ ఊరి వాలులు చాలు. కొంత వచ్చి, పిల్లలూ వెంట ఉంటే, డబ్బుకు వెనకాడకపోతే నిసెకో. బాగా వచ్చి, గైడ్‌ మాట వినే ఓపిక ఉంటే అఫర్వత్‌. పెద్దవాళ్లు గుండెజబ్బు, ఆయాసం ఉంటే గొండోలా రెండో దశ ఎక్కేముందు డాక్టర్‌ని అడగాలి. అంత ఎత్తులో గాలి పల్చగా ఉంటుంది.

ఏ కొండకెళ్లినా ఒకటే మాట. గాలి ఎక్కువైందనో, మంచు జారేలా ఉందనో లిఫ్టు ఆపేస్తే ‘ఇంత ఖర్చుపెట్టి వచ్చాం’ అని గొడవపడొద్దు. ఆ పూట హాయిగా కహ్వా తాగుతూ కిటికీలోంచి మంచును చూడండి. కొండ ఎక్కడికీ పోదు... మనం క్షేమంగా ఉంటే మళ్లీ వెళ్లొచ్చు!