సూర్యరశ్మితో విద్యుత్తు: పెట్టుబడి ఎన్నేండ్లకు తీరును?



ఈ నడుమ మన సహకార సంఘముల సమావేశములందు ఒక ప్రశ్న తరచుగా వినబడుచున్నది. బియ్యపు మిల్లు కప్పుమీద సౌరఫలకములు వేయించినచో పెట్టిన సొమ్ము ఎన్నేండ్లకు తిరిగి వచ్చును? అమ్మవచ్చినవారు "ఐదేండ్లు" అని చెప్పి పోవుచున్నారు. ఆ మాట అబద్ధమనజాలను. కాని అందరి విషయమునను అది నిజము కాదు. సంఘపు ధనము వాటాదారుల చెమట గనుక, తీర్మానమునకు పూర్వమే లెక్క చూచుకొనుట మన విధి.

మన దాపుననే యున్న దృష్టాంతమును మొదట గైకొందము. విశాఖపట్టణ నగరపాలక సంస్థవారు 2018లో ముడసర్లోవ జలాశయముపై 2 మెగావాట్ల తేలియాడు సౌరకేంద్రమును నెలకొల్పిరి. సుమారు 20 ఎకరముల నీటిపై పరచిన ఆ కేంద్రమునకైన వ్యయము 11 కోట్ల 37 లక్షల రూపాయలు. ఏటికి 30 లక్షల యూనిట్లు వచ్చునని అంచనా. అనగా కిలోవాటు ఒకటికి సుమారు 57,000 రూపాయల ఖర్చు, 1,500 యూనిట్ల ఫలసాయము. నిర్వహణ ఖర్చును ప్రక్కన నుంచి, యూనిటుకు 5 రూపాయల విలువ కట్టినచో అసలు తీరుటకు ఏడున్నర యేండ్లు పట్టును. 7 రూపాయలు కట్టినచో ఐదున్నర యేండ్లే చాలును. ఫలకములవియే, ఎండయు నదియే. ఆ యూనిటు ఎంత వెలగల కరెంటును తప్పించినదో దానినిబట్టియే గడువు మారినది.

విశాఖ నౌకాశ్రయమువారికి 10 మెగావాట్ల సౌరకేంద్రమును, ఉక్కు కర్మాగారమువారికి 5 మెగావాట్ల కేంద్రమును కలవు. రేవునకును ఉక్కు కొలిమికిని సెలవు దినములు లేవు. పగలు పుట్టిన ప్రతి యూనిటు అప్పటికప్పుడే పనిలో ఇమిడిపోవును. మన మిల్లు అట్టిది కాదు. చిన్న మిల్లు పంట చేతికి వచ్చిన పిమ్మట కొన్ని నెలలు విరామము లేక ఆడి, తక్కిన కాలము తాళము వేసికొని యుండును. చైత్ర వైశాఖములలో ఎండ మండి ఫలకములు మెండుగా విద్యుత్తు నిచ్చువేళనే మిల్లు నిద్రించుచుండును.

ఇప్పుడొక ఊహాలెక్క వేయుదము. 50 కిలోవాట్ల ఫలకములకు కిలోవాటునకు 50,000 చొప్పున 25 లక్షల రూపాయలగుననుకొందము. ఏటికి 70,000 యూనిట్లు వచ్చును. అన్నియు మనమే వాడుకొని, యూనిటుకు 7 రూపాయలు మిగుల్చుకొన్నచో 4,90,000 రూపాయలు. కడుగుడు, మరమ్మతు, భీమాలకు 40,000 తీసివేయగా 4,50,000 నిలుచును. అసలు ఐదున్నర యేండ్లలో తీరును.

సగము మాత్రమే వాడుకొని, తక్కిన సగము యూనిటుకు రెండున్నర రూపాయలకే పోయినచో నికరాదాయము 2,92,500 రూపాయలు. అప్పుడు గడువు ఎనిమిదిన్నర యేండ్లు. నెట్ మీటరింగు క్రింద మిగులును మన వాడుకలో కొట్టివేయుదురు. అప్పటికిని మిగిలిపోయినదానికిచ్చు వెల మనము కొను వెలకంటె తక్కువగా నుండుట పరిపాటి.

ఇది సొంత సొమ్ముతో పని. నూటికి 10 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినచో, మొదటి యేడు వడ్డీయే 2,50,000 అగును. ఆదాయమంతయు అప్పునకే కట్టుచు పోయినను, మొదటి మిల్లునకు ఎనిమిదిన్నర యేండ్లు పట్టును. రెండవ మిల్లునకు ఇరువది యేండ్లు పట్టును! ఫలకములకు 25 ఏండ్ల హామీ ఇత్తురు గాని, ఇన్వర్టరును నడుమ ఒకమారైనను మార్చవలసి వచ్చును. ఫలకముల శక్తియు ఏటేట కొంచెము తగ్గును. కావున రెండవ మిల్లువారు ఈ పనికి పూనుకొనకుండుటయే మేలు. లేదా పగటి వాడుకకు సరిపడునంత చిన్న యంత్రాంగముతో తృప్తి పడవలయును. "దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెను" అను పెద్దల మాట యిచ్చట అక్షరాల చెల్లును. పొద్దున్నప్పుడు పని గలవానికే ఈ విద్యుత్తు లాభము. వేసవిలో నిండుగా పనిచేయు శీతల గిడ్డంగికి ఇది మిల్లుకంటె చక్కగా నప్పును.

సొంత బావికి పంపు గల రైతు మరియొక సంగతి గమనింపవలయును. ఆంధ్రదేశమున 2004 నుండి అర్హులైన రైతుల పంపులకు విద్యుత్తు ఉచితము. చెల్లించని బిల్లును ఏ ఫలకమును తగ్గింపజాలదు. విద్యుత్ తీగలు చేరని పొలమున డీజిలు కొని తోడుకొనువాని లెక్క వేరు. వానికి 2019లో మొదలైన పి.ఎం. కుసుమ్ పథకపు సహాయము విచారింపదగినది.

మన తీరమునకు ప్రత్యేకమైన జాగ్రత్తలును కలవు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖ యొద్ద తీరము దాటినపుడు గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలి వీచినది. ఆ గాలికి నిలుచునట్లు చట్రములను బిగింపవలయును. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండ జస్తు పూత గల ఇనుమునే వాడవలయును. ఊక బూడిదయు చిట్టును ఫలకములపై పేరుకొన్నచో ఫలసాయము తగ్గును గనుక, కడుగుటకు నీటిని, మనిషిని ముందుగనే ఏర్పరచుకొనవలయును.

కావున సంఘ కార్యదర్శులు అమ్మకందారుని కాగితమునకు ముందు తమ కాగితములను చూడవలయును. గత పండ్రెండు నెలల కరెంటు బిల్లులను వరుసగా పేర్చి, ఏ నెల పగటివేళ ఎన్ని యూనిట్లు వాడితిమో వ్రాయుడు. బిల్లులోని డిమాండు చార్జీని విడదీయుడు. ఫలకములు వేసినను అది సాధారణముగా తగ్గదు. మిగులునకు ఏ వెల ఇత్తురో పంపిణీ సంస్థ కార్యాలయమున వ్రాతపూర్వకముగా తెలిసికొనుడు. పిమ్మట వడ్డీతో కూడ లెక్క కట్టి, మహాసభ యెదుట చదువుడు. ఆ లెక్కకు నిలిచిన పనిని ధైర్యముగా చేయవచ్చును. నిలువనిచో, ఆ సొమ్ము సంఘపు పెట్టెలోనే యుండి విత్తనములకును ఎరువులకును అక్కరకు వచ్చును.