నారు నాటే వేళ.. తొలి ముద్ద మితంగానే!

మధురానగర్: నర్సరీలో నిగనిగలాడిన టమాటా నారు ఇంటికి తెచ్చి కుండీలో నాటగానే తలవాల్చడం నగరంలోని మిద్దెతోటల పెంపకందారులకు ఏటా ఎదురయ్యే అనుభవమే. స్థలం కరవైన మధురానగర్, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ ప్రాంతాల్లో అపార్టుమెంట్ల పైకప్పులే పెరళ్లయ్యాయి. అక్కడ మొక్క నీరసించిందంటే చాలు, బలం చాలలేదంటూ గుప్పెడు డీఏపీయో, చెంచాడు యూరియాయో మొదట్లో వేసేస్తుంటారు. ఒకటి రెండు రోజుల్లోనే ఆకుల అంచులు మాడిపోతాయి. నాటే సమయంలో ఇచ్చే ఎరువుకు ఓ లెక్క ఉంది.

భాస్వరమే ఎందుకు?

ప్రోట్రేలోని చిన్న గుంతలో పెరిగిన నారుకు వేర్లు గుప్పిట్లో ఇమిడేంతే ఉంటాయి. నత్రజని నీటితోపాటు కదిలి వేరు వద్దకు వస్తుంది. భాస్వరం అలా కాదు, ఉన్నచోటి నుంచి దాదాపు కదలదు. వేరే దాన్ని వెతుక్కుంటూ వెళ్లాలి. లేత మొక్కకు ఆ శక్తి ఉండదు. కాఠిన్యం ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు ఏళ్ల తరబడి పోసిన కుండీల్లో మట్టి క్షారత్వం పెరిగి, ఉన్న భాస్వరం సైతం సున్నంతో బంధించుకుపోతుంది. అందుకే నీటిలో పూర్తిగా కరిగే ఎరువును పలుచగా కలిపి, నాటిన వెంటనే వేరు చుట్టూ పోయడం ఆచరణలోకి వచ్చింది. దీన్నే స్టార్టర్ ద్రావణం అంటారు.

19:19:19 అయితే లీటరు నీటికి 2 గ్రాములు, 12:61:0 అయితే 1 గ్రాము చాలు. మొక్కకు టీ గ్లాసున్నర ద్రావణం ఒక్కసారే పోయాలి. సంచిపై ఉండే ఈ అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. డీఏపీలో భాస్వరం 46 శాతం ఉన్నా, క్షార మట్టిలో అది అమ్మోనియా వాయువును వెలువరించి లేత వేర్లను కాల్చేస్తుంది. బోన్‌మీల్ కరగడానికి నెలలు పడుతుంది కనుక తొలి ముద్దగా పనికిరాదు. సేంద్రియ పద్ధతి పాటించేవారు 3 శాతం పంచగవ్యలో నారు వేర్లను 20 నిమిషాలు ముంచి నాటుతారు. అయితే అందులో భాస్వరం స్వల్పమేనని గుర్తుంచుకోవాలి.

అందరికీ అవసరమా?

నిజానికి చాలా మిద్దెతోటలకు ఈ ద్రావణం అక్కర్లేదు. ఏటా వర్మీకంపోస్టు, పశువుల ఎరువు దట్టించిన కుండీల్లో భాస్వరం ముందే పేరుకుపోయి ఉంటుంది. దానిపై మళ్లీ పోస్తే జింకు, ఇనుము అందక లేత ఆకులు ఈనెలు మాత్రమే పచ్చగా మిగిలి పసుపు రంగుకు తిరుగుతాయి. వేర్లకు తోడుండే మేలు చేసే శిలీంద్రాలు సైతం తగ్గుతాయి. అటువంటి కుండీలకు మామూలు నీరే ఉత్తమం. ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు కొత్తగా కలిపి నింపిన కుండీలకే స్టార్టర్ ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది. కొబ్బరిపొట్టును రెండు మూడుసార్లు కడగకుండా వాడితే అందులోని లవణాలే నారును చంపుతాయి. ఆ నింద మాత్రం ఎరువుల దుకాణంపై పడుతుంది!

టమాటా నారు 25-30 రోజులు, వంగ 30-35, మిరప 35-40 రోజుల వయసులో నాటుకోవాలి. అంతకు వారం ముందు నుంచి నీరు తగ్గించి, ఎండకు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. నాటే ముందు మాత్రం ట్రేను బాగా తడిపి, సాయంత్రం చల్లబడ్డాక వేర్ల గడ్డ చెదరకుండా తీయాలి. టమాటాను కాండం కొంత మునిగేలా లోతుగా పెడితే అక్కడా వేర్లు పుడతాయి. మొదటి రెండు మూడు రోజులు మిట్టమధ్యాహ్నం వాడి, పొద్దుగూకేసరికి తేరుకుంటే అది ఆకలి కాదు. నీడ కల్పిస్తే సరిపోతుంది. కొత్త ఆకు విచ్చుకునేదాకా మరే ఎరువూ వేయరాదు.