మీకు తెలుసా? గోల గిట్టని కవి, కదిలే బొమ్మలు

ఐవర్ కట్లర్ (1923–2006) గ్లాస్గోలో పుట్టిన కవి. హార్మోనియం ముందు కూర్చుని, నవ్వీ నవ్వని గొంతుతో వింత కవితలూ కథలూ వినిపించేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో విమాన నావిగేటర్‌గా శిక్షణ పొందితే, పరధ్యానం ఎక్కువని పంపించేశారు. ఆ తర్వాత బడిపంతులయ్యారు. 1967లో బీటిల్స్ సినిమా ‘మ్యాజికల్ మిస్టరీ టూర్’లోనూ కనిపించారు. 1978 నాటి ఆయన ఆల్బమ్ పేరు చివర ‘రెండో సంపుటం’ అని ఉంటుంది. మొదటిది వెతక్కండి, అసలు లేదు! ఆయనకు గోల అంటే గిట్టేది కాదు. శబ్దకాలుష్యంపై పోరాడే సంఘంలో సభ్యులుగా కూడా ఉండేవారు.

ఆయన రికార్డింగులకు అభిమానులూ, యానిమేషన్ నేర్చుకునే విద్యార్థులూ సొంతంగా బొమ్మలు కట్టి యూట్యూబ్‌లో పెడుతుంటారు. ప్రత్యేకించి ఈయనే ఎందుకు? రచనలు చాలావరకు పొట్టివి. సెకనుకు 12 బొమ్మలే గీసినా నిమిషానికి 720 అవుతాయి మరి. ఒంటిచేత్తో గీసేవాళ్లకు నిడివి తక్కువైతే అదే పదివేలు. పైగా కట్లర్ మాటకూ మాటకూ మధ్య తీరిగ్గా ఆగుతారు. అక్కడ బొమ్మ ఊరికే రెప్పలార్పినా నవ్వొస్తుంది.