ముగింపు తెలిసిన కథ

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి పరిసర గ్రామాలలో పండవానీ గానం జరిగే రాత్రి, భారతకథ ఎలా ముగుస్తుందోనన్న సందేహం ఎవరికీ ఉండదు. దుశ్శాసనుడు భీముని చేతిలో హతుడవుతాడని పసిపిల్లలకు సైతం తెలుసు. అయినా గాయని చేతిలోని తంబూరా భీముని గదయై పైకి లేచినప్పుడు సభ యావత్తూ ఊపిరి బిగబడుతుంది. భిలాయికి చేరువనున్న గనియారీలో జన్మించి, అక్కడి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి, 2019లో పద్మవిభూషణ్ పొందిన తీజన్‌బాయి లోకానికి చాటిన విద్య అదే. తెలిసిన కథనే తెలియని కథకంటె ఉత్కంఠతో వినిపించడం!

బుర్రకథ, హరికథ విన్న తెలుగువారికి ఇది కొత్త కాదు. ఉక్కు కొలువులకై భిలాయి చేరి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు 'రోమియో అండ్ జూలియట్' తెరిచినప్పుడు, ఆ నాటకంలోకి దగ్గరి దారి వారి ముంగిటనే ఉన్నదన్నమాట. పాత్రల స్వభావాలను, అలంకారాలను వేరువేరు పట్టికలుగా వల్లె వేయనక్కరలేదు. ముగింపు తెలిసిన శ్రోతలా చదివితే చాలు.

ఆ ముగింపును షేక్‌స్పియర్ దాచలేదు. తెర తీయగానే, మన సూత్రధారునివంటి వ్యక్తి వచ్చి, ప్రేమికులు మరణిస్తారనీ, ఆ మరణంతోనే పెద్దల పగ చల్లారుతుందనీ పద్నాలుగు పంక్తులలో చెప్పివేస్తాడు. ఇక ప్రేక్షకునికి తెలిసినది పాత్రలకు తెలియదు. విమర్శకులు దీనినే నాటకీయ వ్యంగ్యమన్నారు. సమాధి గృహంలో జూలియట్‌ను చూచిన రోమియో, ఆమె పెదవులపైన, చెక్కిళ్లపైన ఎరుపు ఇంకా వాడలేదని తానే అంటాడు. ఆమె త్రాగినది నలభై రెండు గంటల నిద్రమందేనని మనకు తెలుసు. సత్యం అతని కళ్లయెదుట ఉన్నది. నోటివెంట కూడా వచ్చింది. అర్థం మాత్రం కాలేదు.

ఈ కథకు మూలం ఆర్థర్ బ్రూక్ 1562లో ప్రకటించిన దీర్ఘకావ్యం. అందులో నెలల తరబడి సాగిన కథను షేక్‌స్పియర్ ఆదివారం ఉదయం మొదలుపెట్టి గురువారం తెల్లవారేసరికి ముగించాడు. పదహారేళ్ల జూలియట్‌ను పద్నాలుగైనా నిండని బాలికను చేశాడు. ఇక్కడ తొందర ప్రేమికుల దోషం మాత్రమే కాదు. సోమవారం రహస్య వివాహం, ఆనాడే వీధిలో రెండు హత్యలు. తండ్రి కాపులెట్ తాను గురువారానికి నిశ్చయించిన పెళ్లిని బుధవారానికి జరుపుతాడు. జూలియట్ ఒక రాత్రి ముందుగా మందు త్రాగవలసి వస్తుంది. రోమియోకు అసలు సంగతి తెలుపవలసిన ఉత్తరం మహమ్మారి భయంతో మూసిన ఇంటిలో చిక్కుకుపోతుంది.

మొదటి సగంలో నవ్వు పంచేవారు మెర్క్యూషియో, దాది. కత్తిపోటు తిన్న మెర్క్యూషియో ప్రాణం పోతున్నా శ్లేష మానడు. గంభీరుడనే అర్థాన్ని, గోరీ అనే అర్థాన్ని ఒకే ఇంగ్లీషు మాటలో ఇమిడ్చి చమత్కరిస్తాడు. ఆ రెంటికీ సరిపడే ఒక్క మాట తెలుగులో లేదు. అనువాదకుడు అక్కడ ఓటమి ఒప్పుకోవలసిందే. నవ్వు అతనితోనే పోతుంది. రోమియోను మరచి మరొకనిని పెండ్లాడమని దాది సలహా ఇచ్చిన క్షణాన జూలియట్ ఒంటరిదవుతుంది. తల్లి మాటకు తలయూపిన బాలిక అప్పటినుంచి తన నిర్ణయాలు తానే చేసుకొంటుంది.

వెలుగును గురించిన ఉపమానాలూ ఈ విషాదంలో భాగమే. రోమియోకు జూలియట్ సూర్యోదయం. జూలియట్‌కు రోమియో రాత్రిలోని పగలు. కాని వారికి చీకటే ఆశ్రయం. నిజమైన సూర్యోదయం తెచ్చేది ఎడబాటు.

చివరకు ఇద్దరు తండ్రులు చేతులు కలుపుతారు. ఒకరి బిడ్డకు ఒకరు బంగారు ప్రతిమలు చేయిస్తామంటారు. సూత్రధారుడు మనకు మొదటే చెప్పిన మాట వారికి బిడ్డల శవాలవద్ద గాని బోధపడలేదు. పండవానీ శ్రోత ఎరిగిన వేదన ఇదే. ఏమి జరుగుతుందో అతనికి ముందే తెలుసు. వేదికమీది వారిని హెచ్చరించడానికి మాత్రం వీలు లేదు.