పాత క్లాస్ లింక్ ఓపెన్ కావట్లేదా? అసలు కారణం ఇదే!

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, అశోక్‌నగర్ హాస్టళ్లు, నారాయణగూడ కోచింగ్ సెంటర్లు.. ఎక్కడ చూసినా గ్రూప్స్ అభ్యర్థుల ప్రిపరేషన్‌లో వాట్సాప్, టెలిగ్రామ్ లింకులు తప్పనిసరి. అయితే సీనియర్లు పంపిన పాత క్లాస్ లింక్ నొక్కితే ఎర్రర్ వస్తోందా? తప్పు మీ ఫోన్‌ది కాకపోవచ్చు.

మామూలు లింక్ బ్రౌజర్‌లో పేజీ తెరుస్తుంది. డీప్ లింక్ మాత్రం నేరుగా యాప్‌లో ఆ వీడియో దగ్గరికే తీసుకెళ్తుంది. ఫోన్‌లో యాప్ లేకపోతే? ముందు ప్లే స్టోర్‌కి పంపి, ఇన్‌స్టాల్ అయ్యాక అదే వీడియో చూపించేలా గూగుల్ 'ఫైర్‌బేస్ డైనమిక్ లింక్స్' అనే సర్వీస్ నడిపింది. 2025 ఆగస్టు 25న దాన్ని ఆపేసింది. దాంతో అందులో తయారైన లింకులు పనిచేయడం మానేశాయి. అడ్రస్‌లో 'పేజ్ డాట్ లింక్' అని కనిపిస్తే కారణం ఇదే అయ్యుండొచ్చు.

మరేం చేయాలి?

* యాప్ ఓపెన్ చేసి క్లాస్ పేరుతో వెతకండి. దొరక్కపోతే కోచింగ్ సెంటర్‌నే కొత్త లింక్ అడగండి.
* యాప్ ఉన్నా లింక్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటే, ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ ఎంచుకుని 'ఓపెన్ బై డిఫాల్ట్' ఆన్‌లో ఉందో లేదో చూడండి.

ఒక్క జాగ్రత్త. 'పాత లింక్ పోయింది, ఇది వేసుకోండి' అంటూ గ్రూప్‌లో ఎవరైనా ఏపీకే ఫైల్ పంపితే అస్సలు ఇన్‌స్టాల్ చేయొద్దు. యాప్ కావాలంటే ప్లే స్టోర్‌కే వెళ్లండి. హాల్‌టికెట్ కోసం ఫార్వర్డ్ లింకులు నమ్మకుండా టీజీపీఎస్సీ వెబ్‌సైట్ అడ్రస్ మీరే టైప్ చేయండి. మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.