పొట్ట మీద ఆ ఉబ్బు... బిడ్డేనా?

‘‘అత్తమ్మా, పాత కుట్టు దగ్గర ఇట్ల ఉబ్బింది సూడు.’’
‘‘బిడ్డ అటు దిక్కు తిరిగినట్టుంది. ఏం గాదు తీయ్.’’

బాన్సువాడ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా వినిపించే మాటలే. చాలాసార్లు అత్తమ్మ చెప్పిందే నిజం కూడా. కానీ మొదటి కాన్పు సిజేరియన్ అయి, ఇప్పుడు రెండోసారి గర్భంతో ఉంటే ఆ ఉబ్బును ఒకసారి డాక్టరుకు చూపించాల్సిందే. అది హెర్నియా కావచ్చు.

అసలేంటిది?

పొట్ట కండరాల్లో ఎక్కడైనా బలహీనపడితే, లోపలి కొవ్వో పేగో అక్కణ్నుంచి బయటికి తోసుకొస్తుంది. అదే హెర్నియా. గర్భంతో పొట్ట సాగుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. అప్పటిదాకా తెలియని చిన్న కంత అప్పుడు బయటపడుతుంది. బొడ్డు దగ్గర, గజ్జల్లో, పాత కుట్టు వెంట రావచ్చు. గర్భిణుల్లో ఇది తక్కువే. మరీ అరుదుగా కుట్టు దగ్గరి కంతలోంచి గర్భసంచే బిడ్డతో సహా చర్మం కిందికి జారుతుంది.

మనకెందుకు ముఖ్యం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశంలో ఇదే ఎక్కువ. దేశ సగటు 21.5 శాతం. కుట్టున్న అందరికీ హెర్నియా రాదు. కానీ ఇంతమందికి కుట్లున్నప్పుడు ఈ సంగతి తెలిసుండాలి కదా!

వెంటనే కోతేనా?

కాదు. పడుకున్నప్పుడు ఉబ్బు లోపలికి వెళ్లిపోతూ, నొప్పి లేకపోతే సాధారణంగా కనిపెట్టుకుని ఉంటారు. డాక్టరు చెబితే పొట్టకు బెల్టు వాడాలి. నీళ్లబిందెలు, వడ్ల మూటలు ఎత్తొద్దు. దగ్గు, మలబద్ధకం ముదరనివ్వొద్దు. ఆగలేని పరిస్థితుల్లో ఏ నెలలోనైనా ఆపరేషన్ చేస్తారు. కాస్త టైముంటే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అనువైన కాలం.

గజ్జల్లో ఉబ్బు అన్నీ హెర్నియా కావు. గర్భంలో అక్కడి రక్తనాళాలు ఉబ్బినా అలాగే కనిపిస్తుంది. డాప్లర్ స్కాన్‌లో తేడా తెలిసిపోతుంది.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

* ఉబ్బు గట్టిపడి, లోపలికి పోకపోవడం
* తగ్గని నొప్పి, ఆగని వాంతులు
* గ్యాస్, విరేచనం ఆగిపోవడం
* ఉబ్బు మీది చర్మం ఎర్రగా, నల్లగా మారడం, జ్వరం

పేగు ఇరుక్కుని రక్తప్రసరణ ఆగితే గంటలు కూడా విలువైనవే. తల్లికీ బిడ్డకూ ప్రమాదం. తెల్లారేదాకా చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేయండి. ఉబ్బును చేత్తో లోపలికి నెట్టడం, నూనెతో మర్దన, పసరు కట్లు అసలే వద్దు.

కాన్పు ఎట్లా?

హెర్నియా ఉన్నంత మాత్రాన సిజేరియన్ తప్పనిసరి కాదు. చాలామందికి మామూలు కాన్పే అవుతుంది. గర్భసంచి జారినా, పాత కుట్టు మీది చర్మం బాగా పలచబడినా డాక్టర్లు ముందే ప్లాన్ చేసుకుంటారు. హెర్నియా ఆపరేషన్ మాత్రం ఎక్కువగా కాన్పు తర్వాత, పొట్ట కండరాలు మళ్లీ బిగుసుకున్నాక చేస్తారు. ఇంకో బిడ్డ కావాలనుకుంటే ముందే చెప్పండి, ఎప్పుడు చేయాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

ఒక చిన్న పని

బాన్సువాడలో మాతా శిశు ఆసుపత్రి ఉంది, ఊళ్లో ఆశ కార్యకర్త ఉంది. చెకప్‌కు వెళ్లేటప్పుడు పాత ఆపరేషన్ కాగితాలు పట్టుకెళ్లండి. నిల్చున్నప్పుడు ఒకటి, పడుకున్నప్పుడు ఒకటి ఉబ్బును ఫోన్లో ఫొటో తీసి చూపించండి. సర్జన్ కూడా చూడాలా, కాన్పుకు పెద్దాసుపత్రికి పోవాలా అన్నది ఏడో నెలలోనే తేల్చుకోండి, నొప్పులు మొదలయ్యాక కాదు.

ఈసారి అత్తమ్మ ‘ఏం గాదు తీయ్’ అంటే, ‘సరే అత్తమ్మా, ఆ మాటేదో డాక్టరమ్మతోనే చెప్పిద్దాం పా’ అనండి. ఆమెనూ వెంట తీసుకెళ్లండి.